నాన్న చూసిన పింగాణీ డయల్

శనివారం రాత్రి, క్లాంగ్

ఈరోజు నాన్నను నేను పనిచేసే వాచీల షోరూముకు తీసుకెళ్లాను. మా ఊరు తెలుక్ ఇంటాన్ బజారులో జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషికి, జపాన్ పింగాణీ డయల్ వాచీని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని కోరిక. ఈ మధ్య అన్నీ మరిచిపోతున్నాడు కదా, ఇంక ఆలస్యం చేయకూడదనిపించింది.

చేతులకు గ్లవ్స్ తొడిగి వాచీ ఇచ్చాను. పాలమీగడలాంటి ఆ తెలుపును చాలాసేపు చూశాడు.

"మట్టిని కాల్చి ఇంత పలచగా సేసినారు. ఎక్కడా పగుల్లేదు, సూడు," అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత మునుపటి నాన్న కనిపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాచీ తిరిగి ఇస్తూ, "మిస్, మా పాప కూడా ఇలాటి కొట్టులోనే పని సేస్తాది. దానికిది సూపించాల. రేపు తీసుకొత్తాను, నువ్వుంటావా?" అని నన్నే అడిగాడు.

"ఉంటానండీ," అన్నాను. ఆ పాపను నేనేనని చెప్పలేదు.

కారులో దారంతా పాప గురించే చెప్పాడు. అది ఎంత తెలివైనదో, తనకు అదంటే ఎంత ప్రాణమో. ఆ మాటలు నాతో ఎప్పుడూ అనలేదు.

రేపు పొద్దున నాన్న తయారై కూర్చుని పాపను పిలవమంటే, నేనెవరినని ఎదురుగా వెళ్లి నిలబడను...