మూడో కొనుగోలు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

మీ బావగారి మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. నువ్వు అక్కడ వేళకు తింటున్నానని రాశావు. నమ్మాననుకో.

నువ్వు లేకుండా జరిగిన మన కంపెనీ వాటాదారుల సమావేశంలో ఎవరేమన్నారో దాచకుండా రాయమన్నావు. మూడో కంపెనీ బేరం మీద వెళ్లావని అధ్యక్షుడుగారు చెప్పగానే వెనక వరసల్లో నవ్వారు. రిటైరైన లెక్కల మాస్టారు లేచి, "కొన్న రెండింటినే మింగలేక కక్కలేక ఉన్నాం. మళ్లీ ఇంకోటా? మన సొంత కంప్యూటర్ చిప్పు బయటికొచ్చి ఎన్నాళ్లయింది?" అన్నారు. మందుల షాపాయన నీ వైపు మాట్లాడాడు. "చిన్నవాళ్లం. మనం కొనకపోతే మనల్నే ఎవరో కొనేస్తారు. అబ్బాయికి కాస్త టైమివ్వండి" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించడం నా ఖర్మ.

బాబాయ్ నీ తరఫున నిలబడ్డాడా అని అడిగావు. లేదురా. కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సమావేశానికి ముందు డిజైన్ గదికి వెళ్లాను. మొదట్నుంచీ నీతో ఉన్న డిజైనరమ్మ ఒక్కతే ఉంది. "కొత్త చిప్పు డిజైన్ సిద్ధంగా ఉందక్కా. సారు చూస్తానంటారు, ఫ్లైటెక్కేస్తారు. మావాళ్లిద్దరు మానేశారు. నేనూ మానేద్దామనుకుంటున్నా" అంది. చిప్పులో కరెంటు ఎలా పోతుందో అన్నం బల్ల మీద ఉప్పు పోసి నాకు చెప్పేవాడివి. ఇప్పుడు ఎవరిని కొన్నావో తప్ప ఇంకేమీ చెప్పవు.

ఇంతసేపూ అసలు సంగతి చెప్పకుండా నాన్చాను. నిన్ను ఎండీగా ఉంచాలా వద్దా అని ఓటింగు పెట్టారు. వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. ఎవరూ కదల్లేదు. నేనెత్తాను.

అధ్యక్షుడుగారు జాలిగా, "అమ్మా, పొరబడ్డారు. ఇది మీ తమ్ముడికి వ్యతిరేకంగా" అన్నారు.

"తెలుసండీ" అన్నాను. చెయ్యి దించలేదు.

సొంత అక్కే ఎత్తాక ఇంకేముందని మాస్టారు ఎత్తారు. తర్వాత బాబాయ్. చివరికి మందుల షాపాయన కూడా.

నిన్ను తీసేసిన సంగతి నువ్వు తిరిగొచ్చాక ఎదురుగా చెబుతామని బోర్డువాళ్లు అన్నారు. పదిమందిలో నీకా మాట వినపడటం నాకిష్టం లేదు. ఫోనులో చెప్పే ధైర్యమూ లేదు. నీ మీద కోపంతో కాదురా. నువ్వు మునిగిపోతున్నావని, ఎవరో ఒకరు ఆపాలని ఎత్తాను. నేను గమ్మునుంటే నువ్వు నెగ్గేవాడివే. అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

నన్ను ఎంతైనా తిట్టు. మాట్లాడటం మాత్రం మానేయకు.

ఇట్లు,
నువ్వింకా ఒప్పుకుంటే,
నీ అక్క