మార్చి దాటిన చీర

మామా,

పోయిన వారం టీవీలో మీ మిలిటరీ సంగతి వచ్చింది. వాళ్లకిచ్చిన డబ్బు మార్చి ఆఖరుకు ఖర్చు కాకపోయినా ఇక వెనక్కి తీసుకోకుండా, మరుసటి ఏడాదికి ఉంచేలా పద్ధతి మార్చాలని చూస్తున్నారట. నాకు కోపం కూడా రాలేదు. లేచి అన్నం వార్చాను.

పోయినేడు సెలవు మీద ధర్మవరం వచ్చి, ఇంట్లో రెండో మగ్గం మీద చీర మొదలుపెట్టావు. సగం కాకముందే, మార్చి లోపల నువ్వు చూసే మిలిటరీ స్టోరు కొనుగోళ్లు తేల్చాలని పిలిపించారు. మంచుకొండ మీద నుంచి ఫోన్ చేశావు.

"చేతి గ్లౌజులకు దుడ్లు లేవంట. గోడలకు రంగులేసేకి ఉండాయంట. నెలాఖరు లోపల రంగులే కొంటాండాం. మగ్గం మీద చీర సగముంటే, నెలాఖరని కోసేస్తామా, ఏమ్మే?"

ఆ వారమే కొండ మీది మంచు విరిగి నీ మీద పడింది.

నీ చీర మీద గుడ్డ కప్పి ఉంచాను. టీవీలో ఆ మాట రావడానికి ముందురోజే, మనకు పట్టునూలు ఇచ్చే షావుకారు వచ్చి, "ఇంగ కోసేయమ్మా, కొత్త పడుగు ఏసుకో" అన్నాడు. సరేనన్నాను. కత్తెర కూడా తీసిపెట్టుకున్నాను.

వార్త విన్నాక కత్తెర లోపల పెట్టేసి, నువ్వు మగ్గం దగ్గర లేచి వెళ్లిన చోట కూర్చున్నాను. నీ నేత బిగువు. నాది ఎంత లాగినా కొంచెం వదులే.

ఈరోజు పూర్తయింది. షావుకారు చీర విప్పి, తడుముతూ వచ్చి, నడుమ చెయ్యి ఆపాడు.

"ఇది ఇద్దురు నేసిండారు కదమ్మా?"

అవునన్నాను.