కడిగిన గిన్నె

బేతంచెర్ల,
1956 వేసవి కూటాలు, బుధవారం

ప్రభువు నాకు అనుగ్రహించిన నా రాహేలమ్మకు నీ లేవి వ్రాయునది.

నువ్వు కాన్పుకు రాజంపేట పోయినప్పటినుంచి ఈ ఇంట్లో నా కోపం వినేదానికి మనిషి లేదు. అందుకే కాగితం మీద దించుతున్నా. నా గొంతు పూడిపోయింది. కొండనాలుకకు ఇరుపక్కలా గడ్డలు వాచి, వాటి మీద తెల్లటి చీము. ఎంగిలి మింగితే ముల్లు మింగినట్టుండాది. పసుపూ సున్నం పట్టు వేసినా, మిరియాల కషాయం తాగినా తగ్గలేదు. ప్రకాశమే బండి కట్టి మిషను ఆసుపత్రికి తోలుకుపోయినాడు. డాక్టరమ్మ నోట్లోకి దీపం వేసి చూసి, "ఇది ఒకరినుంచి ఒకరికి అంటే క్రిమి, లేవీ. పెన్సిలిన్ సూది వేయించుకో. అశ్రద్ధ చేస్తే కీళ్లకు దిగుతుంది, గుండెకు దిగుతుంది. నోరు మూసుకోనుండు. నీ ఎంగిలి గ్లాసు ఎవరికీ ఇయ్యొద్దు" అనింది.

నేను సూది వద్దన్నా. బైబిల్లో జెకర్యా నోరు మూసింది దేవుడు, బిడ్డ పుట్టినాక తెరిచిందీ దేవుడే, సూది కాదు. నీకేమో నెలలు నిండినాయి. నా నమ్మకం నాకుండాది. బిడ్డ పేరు పలక మీద రాసి చూపిన జెకర్యా మాదిరే పలకొకటి చంకలో పెట్టుకొని ఇంటికొచ్చినా.

మరి కూటాల్లో వాక్యం చెప్పేదెవరు? ప్రకాశం! నాపరాళ్ల గనిలో నా పక్కన సుత్తి పట్టినవాడు, బండ మీద సుద్దముక్కతో నేను అక్షరాలు దిద్దించినవాడు. నిన్న వాడు పందిట్లో నిలబడి బిడ్డతో అడవిపాలైన దాసి హాగరు కన్నీళ్ల గురించి చెప్తే ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని ఏడ్చిరి. ఇన్నేళ్లు నేను నరకాగ్ని గురించి అరిస్తే వాళ్లే విసనకర్రలు ఊపుకుంటా కూర్చునిరి. ఏసేపు తాత నా చెవి దగ్గరకొచ్చి, "ఏమప్పా లేవీ, నీ గొంతు నిదానంగానే బాగు కానీ, మాకేం తొందర లేదులే" అని నవ్వె. సౌలు రాజును ఎన్ని కూటాల్లో తిట్టినానో నీకు తెలుసు. జనం తనకంటే ఎక్కువ పొగిడిన దావీదు మీద ఆయన ఈటె ఎందుకు విసిరినాడో నాకు నిన్న తెలిసింది.

ఇంక అసలు సంగతి. ఈ పొద్దున ప్రభు బల్ల. ద్రాక్షరసానికి మన సంఘంలో ఒకే గిన్నె కదా, సంఘపెద్ద మొదట తాగి పక్కవానికిస్తే అట్లే అందరి పెదవులకూ పోతుంది. నేను తాగకపోతే మొదట తాగేది ప్రకాశం. ఆ ముందుచోటు గూడా వానికియ్యలేక, నేనే తాగి వాని చేతికిచ్చినా. వాడేం చేసినాడో తెలుసా? గుక్కెడు తాగి పక్కకియ్యకుండా, కల్లుముంత ఎత్తినట్టు అడుగుదాకా తాగేసె! లేచిపోయి, పొయ్యి మీద మసిలే నీళ్లతో గిన్నెను కడిగి, మళ్లా ద్రాక్షరసం పోసి సంఘానికిచ్చె. నా పెదవి తగిలిన గిన్నెను కడిగినాడే! బజారు హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టి మనతోనే కడిగిస్తే ప్రభువును తలచుకొని ఓర్చుకుంటిమి. ప్రభు బల్ల దగ్గర గూడా నేను అంటరానివాణ్ణా?

ఆదివారం కడపటి కూటం. గొంతు చినిగినా సరే, అందరి ముందర వాణ్ణి సంఘంలోనుంచి వెలివేస్తా. మగబిడ్డ పుడితే ప్రకాశమని పెట్టుకుందామంటివే, ఆ పేరు ఇంక నా ఇంట్లో వినపడగూడదు.

మంట మీదున్న నీ భర్త,
లేవి


బేతంచెర్ల,
మంగళవారం

నా రాహేలూ, బిడ్డతల్లీ,

నా ముందటి ఉత్తరాన్ని పొయ్యిలో వెయ్యి.

ఆదివారం పందిట్లో లేచి, "ప్రకాశం యాడ?" అంటే కప్ప అరిచినట్టు వచ్చింది. వాళ్లమ్మ జీవమ్మ, "యాడుంటాడప్పా? గొంతు మూసుకపోయి నులకమంచంలో పడుండాడు. అచ్చం నీ మాదిరే" అనె.

వానింటికి పోయినా, తిట్టేదానికే. మెడకు ఇరుపక్కలా బిళ్లలు కట్టి, ఒళ్లు కాలిపోతాంది. "నా గిన్నె ఎందుకు కడిగినావురా?" అంటి. వాడు మింగలేక మింగి, గుసగుసగా చెప్పినాడు.

"బండి తోలింది నేనే గదన్నా. డాక్టరమ్మ మాట నా చెవిన గూడా పడింది. అంతమందిలో నిన్ను తాగొద్దనేకి నాకు నోరు రాలే. పక్కకిస్తే మా యమ్మకు పోతాది, ముసలోళ్లకు పోతాది. అందుకే నేనే తాగేస్తి."

"పారబోయలేకపోతివా?"

"ప్రభువు రక్తమని తాగే రసాన్ని నేలపాలు చేస్తానా? నువ్వు నాకు నేర్పింది అదేనా?"

గెత్సేమనే తోటలో ప్రభువు మనకోసం తాగేదానికి ఒప్పుకున్న బాధల గిన్నె గురించి ఎన్ని ఊర్లలో గొంతు చించుకున్నానో, రాహేలూ. ఆ గిన్నె నా ఎదురుగా ఒకడు తాగితే, కల్లుముంత అనుకుంటి.

వాణ్ణి బండిలో పండబెట్టి, ఈసారి ఎద్దుల్ని నేను తోలినా. డాక్టరమ్మ ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి సూదులేసింది. "ఏం లేవీ, జెకర్యా వచ్చి చెప్పినాడా?" అని ఎగతాళి చేసింది. తలొంచుకొని వేయించుకున్నా. అంతలో మీ తమ్ముడు దావీదురాజు మమ్మల్ని వెతుక్కుంటా ఆడికే వచ్చె. "మగబిడ్డ, బావా! మా యమ్మ మా నాయన పేరు పెడదామంటాంది. నువ్వేమంటావు?" అనె.

నేను పలక తీసుకొని, నువ్వడిగిన పేరే రాసి చూపిస్తి. ప్రకాశం కూడబలుక్కొని చదివి, నవ్వబోయి, గొంతు పట్టుకొని విలవిల్లాడె. జెకర్యా నోరు ఆ గడియలోనే తెరుచుకుంది. నాకింకా సూదులు మిగిలుండాయి.

గొంతు బాగయ్యేదాకా పసిబిడ్డ దగ్గరికి పోగూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. అంతదాకా వాణ్ణి ఎత్తుకొని తిరిగేది మీ తమ్ముడే గదా అని తలచుకుంటే కడుపు మండిపోతాంది. అడిగి చూసినా. దానికి సూది లేదంట.

ప్రకాశం తండ్రి,
లేవి