పది కాసుల మీద చింతపండు

మాచర్ల, 11-12-1961

చెల్లెలు ఆరోగ్యమ్మకు, నేను కులాసా. ముందు పని చెబుతాను.

క్రిస్మసుకు ఇల్లు దులుపుతూ నా రేకుపెట్టెలోని పాత రాగి నాణేలు కూడా చింతపండుతో తోముతానని రాశావు. వద్దు. కార్డు అందగానే పెట్టెకు తాళం వెయ్యి.

మొన్న సంతలో పాతసామాన్లవాడు కుంపెనీవారి పది కాసుల నాణెం చూపించి, “మాస్టారూ, బంగారంలాగా మెరుస్తంది చూడండి,” అన్నాడు.

“నూటేభై ఏళ్లదానికి అంత మెరుపేందయ్యా?”

“మా ఆడోళ్లు తోమారండి.”

భూతద్దం పెట్టి చూశాను. అక్షరాల సందుల్లో చింతపండు పిప్పి ఉంది. దాని మీది 1803 అనే సంవత్సరంలో మూడంకె పక్కన ఆకురాయి గీతలున్నాయి. పాతదైతే ధర ఎక్కువ పలుకుతుందని 1808లోని చివరి ఎనిమిదిని సగం అరగదీసి మూడు చేశారు. “ఇదీ మీ ఆడోళ్లేనా?” అన్నాను. “కొంటే కొనండి, ఉపన్యాసమెందుకు,” అన్నాడు. ఉపన్యాసం పూర్తిగా ఇచ్చే వచ్చాను. కొనలేదు.

“లోకంలో మురికంతా కడగాలని సభల్లో అరుస్తావు, నీ పెట్టెలో మురికి మాత్రం పదిలమా?” అని వెక్కిరించావు. కులం మురికి ఒకరు మరొకరికి పులిమింది. నాణెం మీది గోధుమరంగు రాగి ఏళ్ల తరబడి పెంచుకున్న చర్మం. ఒలిస్తే మళ్లీ రాదు. రెంటినీ ఒక గాటన కట్టకు.

అమ్మ మోకాళ్లనొప్పి ఎట్లా ఉంది? బావను అడిగానని చెప్పు.

ఇప్పటికే తోమి ఉంటే దాచకు. అవి వేరే మూటగట్టి, తోమినవని చీటీ పెట్టు. నాణేల మార్పిడికి నా దగ్గరకు వచ్చేవాళ్లకు తెలియకుండా అంటగట్టలేను. నీమీద కోపం వస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అన్న,
బాలశౌరి