ఊరు తగలబెట్టే మిషన్

గురువారం

ఇవాళ ఫిల్మ్‌నగర్ ఆఫీసులో కథా చర్చ. డైరెక్టర్‌గారికి నేనే కథ చెప్పాను. అది నా గదిలో ఉండే సాఫ్ట్‌వేర్ నరేష్ కంప్యూటర్‌లో ఆడే యుద్ధాల ఆటలోదని మాత్రం చెప్పలేదు. మొదటి ఆటలో మనమే యువరాజుగా ఊరు కట్టి, రాక్షసుల నుంచి కాపాడతాం. దానికి కొనసాగింపుగా కొత్తగా వచ్చిన ఎక్స్‌పాన్షన్ సీడీలో ఆ ఊరికి శాపం తగులుతుంది. అది పక్క రాజ్యాలకు పాకకుండా యువరాజే తన ఊరిని తగలబెట్టాలి.

డైరెక్టర్‌గారు కాఫీ పక్కన పెట్టారు. "ఇంటర్వెల్ అదిరింది. కానీ హీరో సొంత ఊరిని తగలబెట్టడమేంటయ్యా? జనం సీట్లు కోసేస్తారు. అదంతా కల అని తేల్చేద్దాం," అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. కథ మొత్తంలో ఉన్నది ఆ ఒక్క సీనే.

మధురానగర్ గదికి వచ్చేసరికి నరేష్ ఆటలో ఆ ఊరు తగలబెట్టే ఘట్టం, ఆ మిషన్ దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. నాలుగు రోజులుగా ఊరిని కాపాడబోయి ఓడిపోతూనే ఉన్నాడు. తగలబెడితే తప్ప ఆట ముందుకు కదలదు.

"కాల్చెయ్ రా, అయిపోతుంది," అన్నాను.

"ఎట్ల కాలుస్త భాయ్? గీ ఇండ్లన్నీ మనం కట్టినయే గదా. జర ఆగు, ఏదో ఒక తొవ్వ ఉంటది."

లేదని నాకు తెలుసు. పోయిన ఆదివారం వాడు లేనప్పుడు ఆ మిషన్ నేను ఆడాను. మొదటిసారే గెలిచాను. వాడికి చెప్పలేదు.

ఆ రోజు తెర మీద ఊరు కాలుతుంటే లేచి టీ పెట్టుకున్నాను.