కుడికి తిప్పే కెమెరా

ఆదివారం, రాత్రి

ఈయన పాత కెమెరా ఇచ్చేసి వేరే కంపెనీది తెచ్చుకున్నారు. ఫోటోలు బాగానే వస్తున్నాయి. కానీ పాతదానికి దగ్గరగా చూపించే రింగు ఎడమకి తిరిగేది, దీనికి కుడికి తిప్పాలి. ఆయన వేళ్లు మాట వినడం లేదు. రేపు గన్నవరంలో పెళ్లి ఫోటోలు తియ్యాలి. మూడు ముళ్లు పడేటప్పుడు పొరపాటైతే మళ్లీ కట్టమనలేరు కదా. అందుకని సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి, అత్తయ్య చేత నా మెడలో జడ రిబ్బను కట్టించారు.

ప్రతిసారీ ముడి దూరమైపోయి, వెనకాల గ్యాసు బండ కూడా ఫోటోలో పడింది.

"ఇంకోసారి కట్టమ్మా."

"ఒరేయ్, నీ పెళ్లిలో కూడా ఇన్ని ముళ్లు వెయ్యలేదురా నువ్వు!" అన్నారు అత్తయ్య.

నాకు నవ్వాగలేదు. కెమెరాలోంచి ఎలా కనిపిస్తుందో చూడాలనిపించి, "ఒకసారి ఇస్తారా?" అని అడిగాను. నా వేళ్లకు పాత అలవాటేమీ లేదు. కుడికి తిప్పగానే ఆయన ముఖం దగ్గరికొచ్చేసింది. కనుబొమలో చిన్న గాటు ఉంది. పెళ్లయి ఏడాది దాటినా నేనెప్పుడూ చూడలేదు. తలెత్తి చూస్తే కదా.

"రేపు నువ్వూ రా. ముళ్లప్పుడు కెమెరా నీ చేతికిస్తా," అన్నారు.

"అంతమందిలోనా? నా వల్ల కాదండీ."

ఆయన బతిమాలలేదు. ఇప్పుడు పక్క మీద పడుకుని గాలిలో రింగు తిప్పుకుంటున్నారు, ఇంకా ఎడమకే.

కెమెరా అడ్డం ఉంటే నా ముఖం ఎవరికి కనిపిస్తుంది? పొద్దున్న వస్తానని చెప్పేస్తాను. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు చేతులు వణుకుతాయంటారు, నిజమేనేమో...