గోరంత కార్డు

పజుండౌంగ్,
28 సెప్టెంబరు 2007

తన్లిన్‌లో ఉన్న అచ్చయ్య మావయ్యకి మేనకోడలు పద్మిని నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరమంటే నేనూ, పిల్లీ. ఆయన ఓడ ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో తెలియదు. టెలిఫోను పలకడం లేదు, ఇంటర్నెట్టు పీకేశారట. అందుకే ఈ ఉత్తరం మన లైన్‌కారు బస్సు కండక్టరు సింహాచలం చేతికిస్తున్నాను.

ఊరి సంగతి వినే ఉంటారు. మొన్నటిదాకా బర్మా సర్కారుకి ఎదురుతిరిగిన భిక్షువుల ఊరేగింపులు మా వీధిలోంచే వెళ్ళాయి. ఇప్పుడు వాళ్ళ బదులు సైన్యం లారీలు వెళ్తున్నాయి. చీకటి పడితే గడప దాటకూడదు. కెమెరా ఉన్నవాళ్ళని పట్టుకుపోతున్నారని చెప్పుకుంటున్నారు. ఎదురింటి యర్రయ్యగారు భయంతో కళ్ళజోడు కూడా దాచేసి తలుపులకి గుద్దుకుంటూ తిరుగుతున్నారు.

నా బాధల్లా కెమెరాయే. ఆయన నిరుడు సింగపూరునుంచి తెచ్చిన డిజిటల్ కెమెరా మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని వాడిందే తక్కువ. తెచ్చిన రోజున ఆయన తన బొటనవేలినే ఫొటో తీసుకున్నారు. తర్వాత నేను పిల్లిని తీశాను. దసరాకి మీరొచ్చి, పులిహోర తిని, వాలుకుర్చీలో నిద్రపోతే మిమ్మల్ని తీశాను. నాలుగోది మొన్న తీశాను, దాని గురించి ఉత్తరంలో రాయకూడదు.

ఉంచుకుంటే భయం. అమ్మేస్తే ఆయన వచ్చి అడుగుతారు. చిమిండైంగ్ బజారులో గడియారాలు బాగుచేసే బంగారయ్య కొంటానంటున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన తెచ్చిన వస్తువుల్లో నాకు ఇష్టమైంది ఇదొక్కటే. ఉంచమంటారా, అమ్మమంటారా?

మీ మేనకోడలు,
పద్మిని

తా.క.: కెమెరా ప్రస్తుతం ఎండుచేపల డబ్బాలో ఉంది. సోదాకొచ్చినవాళ్ళెవరైనా ఆ మూత తీసి వెంటనే మళ్ళీ పెట్టేస్తారని నా నమ్మకం. పిల్లి మాత్రం డబ్బా దగ్గరనుంచి కదలడం లేదు.

మళ్ళీ తా.క.: రాయకూడదన్నాను గానీ ఆగలేకపోతున్నాను. నాలుగో ఫొటో బాల్కనీలోంచి ఊరేగింపుని తీసింది. తీరా చూస్తే తీగమీద ఆరేసిన నా లంగా నిండా పడింది. దాని పక్కన ఏ మూలో భిక్షువుల గుండ్లు నాలుగు కనిపిస్తాయి.

*

తన్లిన్,
2 అక్టోబరు

చి.సౌ. పద్మినికి అచ్చయ్య మావయ్య దీవించి రాయునది. నీ ఉత్తరం ఎండుచేపల వాసనతో సహా చేరింది.

అమ్మెయ్. రెండో ఆలోచన వద్దు. నా బతుకంతా రిఫైనరీలో గడిచింది. నిప్పున్న చోట నూనె ఉంచుకోకూడదని తప్ప అక్కడ నేను పెద్దగా నేర్చుకున్నది లేదు. ఇప్పుడు ఊరంతా నిప్పే.

కానీ అమ్మేముందు అందులోంచి రీలు తీసి పొయ్యిలో పెట్టు. అంత ధైర్యం లేకపోతే ఎండలోకి లాగు, చాలు, తెల్లబోతుంది.

నేను నిద్రపోతుంటే ఫొటో తీశావా? నిద్రలో ఉన్నవాళ్ళని ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మీ అత్త వెంకమ్మ అనేది. పాపం ఆవిణ్ణి ఎవరూ ఏ ఫొటోనూ తీయలేదు, అయినా ముందు ఆవిడే పోయింది.

నీ మేలుకోరే
అచ్చయ్య

తా.క.: ఉత్తరం ఎవరైనా విప్పి చూస్తారని బెంగపడకు. మన అక్షరాలూ గుండ్రమే, బర్మావాళ్ళవీ గుండ్రమే. చూసినవాడు ఎవడో చదువు అబ్బనివాడు రాసిన బర్మా ఉత్తరం అనుకుని జాలిపడి వదిలేస్తాడు.

*

పజుండౌంగ్,
5 అక్టోబరు

మావయ్యకి నమస్కారాలు.

రీలంటూ ఏమీ లేదు మావయ్యా, ఆ బెంగ మీకు వద్దు. నా భయమంతా కార్డు గురించే. అది దొరికిందంటే నన్ను పట్టుకుపోతారు. అది లేకపోతే నేనెవరో, ఏం చేశానో ఎవరికీ తెలియదు. అందుకని దాన్ని పజుండౌంగ్ కాలవలో పారేద్దామని బయల్దేరాను. ఒడ్డున సైనికులున్నారు. సంచిలో ఉన్న ముల్లంగి దుంపలు ఆ మురికినీళ్ళలో కడిగి, వాళ్ళకేసి ఓ నవ్వు నవ్వి వచ్చేశాను. ముల్లంగి పారేయాల్సి వచ్చింది, కార్డు మాత్రం ఇంట్లోనే ఉంది.

బంగారయ్య వచ్చాడు. "కార్డు కూడా ఇత్తేనే కెమెరా తీసుకుంతాను పద్దమ్మా, కార్డు నేకపోతే నాకేటి లాబం?" అంటున్నాడు. నేను ఇవ్వనన్నాను. ఏం చేయమంటారు?

మీ
పద్మిని

తా.క.: పిల్లి ఈ పూట డబ్బామీదే పడుకుంది. సోదాకొచ్చేవాళ్ళకి దారి చూపించేది ఇదే అయ్యేట్టుంది.

*

తన్లిన్,
8 అక్టోబరు

చి.సౌ. పద్మినికి దీవెనలు.

ఎంత మాట రాశావమ్మా! కార్డు కాలవలో పారేస్తావా? ఉత్తరం చదివి నాకు ముచ్చెమటలు పోశాయి. కార్డు లేకపోతే నువ్వెవరో ఎవరికీ తెలియదని నువ్వే రాశావు. అదేమైనా సుఖమనుకున్నావా?

కార్డు విలువ నన్నడుగు, చెప్తాను. నేను పుట్టింది తన్లిన్‌లో. చెమటోడ్చింది తన్లిన్‌లో. మీ అత్తకి కొరివి పెట్టిందీ ఈ ఏటి ఒడ్డునే. ఇన్ని చేసినా గుర్తింపు కార్డు పేరుతో నా దగ్గరున్నది మడతల దగ్గర విడిపోయిన ఓ తెల్ల కాగితం. దానిమీద ఫొటో ఎప్పుడో ఊడిపోయి జిగురు మచ్చ మిగిలింది. ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా గుమస్తా ఆ మచ్చని చూస్తాడు, నన్ను చూస్తాడు, "ఇది నువ్వు కాదు" అంటాడు. మచ్చతో నాకు పోలిక లేదట. నిజమే, కానీ ఏం చేయను?

ఆ బంగారయ్యని మనవాడనుకున్నాను. కెమెరా కొనేవాడికి కార్డెందుకు? దాంతో ఏం చేద్దామనుకుంటున్నాడు? వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు. కార్డు సింహాచలం చేత నాకు పంపించు. నా ప్రాణం ఉన్నంతవరకు కాపాడతాను.

అచ్చయ్య

తా.క.: నువ్వు కాలవవైపు వెళ్తుంటే ఆపమని సింహాచలానికి చెప్పాను. "ఏటి అచ్చయ్య బాబూ, పద్దమ్మ దూకీసిద్దా ఏటి?" అని వాడు అక్కడే ఏడుపు మొదలెట్టాడు. నేను అవుననలేదు, కాదననూ లేదు. మనిషి జాగ్రత్తగా ఉంటాడని ఊరుకున్నాను.

*

పజుండౌంగ్,
12 అక్టోబరు

మావయ్యకి పద్మిని నమస్కరించి, కొంచెం కోపంగా రాస్తున్నది.

నిన్న తోటకూర కొనడానికి వెళ్తున్నాను. లైన్‌కారు వీధి మధ్యలో ఆగింది. సింహాచలం దూకి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "సావొద్దు పద్దమ్మా, సచ్చి ఏటి సాదిత్తావు?" అని గొల్లుమన్నాడు. బస్సులో జనమంతా దిగారు. సాయంత్రానికల్లా మా ఆయన ఓడ మునిగిపోయిందని వీధి నిర్ణయించేసింది. యర్రయ్యగారి భార్య అన్నం వండి పంపింది. యర్రయ్యగారు పరామర్శకొచ్చి, కళ్ళజోడు లేదు కదా, పిల్లిని నేననుకుని ఓదార్చి వెళ్ళారు.

మీ ఉత్తరంలో తెల్ల కాగితం గోడు ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఆ పేజీ దాటేశాను, ఏమీ అనుకోకండి. మీకు కార్డుమీద అంత మోజైతే ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను, వక్కపొడి పొట్లంలో ఉంది. పారేసుకునేరు, ఇప్పుడు కార్డులన్నీ గోరంత అయిపోయాయి.

అసలు దీనికింత రాద్ధాంతం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు దుకాణాలు మూశారు గానీ, మామూలు రోజుల్లో బజారులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆయన ఓడలో ఒక్కొక్కరి దగ్గర రెండేసి, మూడేసి ఉంటాయి. ఉన్న మొహం చెరిపేసి వేరే మొహం ఎక్కించుకోవచ్చు. మీ మొహం కూడా ఇందులో ఉంది, రెండు చెవులతో సహా.

బంగారయ్య మెత్తబడ్డాడు. వచ్చే శుక్రవారం వస్తాడట. కార్డు సంగతి మళ్ళీ ఎత్తుతాడేమో, అప్పుడు చూద్దాం. కెమెరా డబ్బాలోంచి తీసి తుడిచి పెట్టాను. తుడుస్తుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. ఎండుచేపల ఘాటు కావచ్చు. కాదు మావయ్యా, ఏడుపే.

పద్మిని

తా.క.: ఓడ మునగలేదని చెప్తుంటే ఎవరూ నమ్మడం లేదు. పాపం, తట్టుకోలేక అలా మాట్లాడుతోందంటున్నారు.

*

తన్లిన్,
17 అక్టోబరు

చి.సౌ. పద్మినికి అచ్చయ్య మావయ్య దీవించి, కాస్త సిగ్గుపడుతూ రాయునది.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. బజారులో కార్డులు! మొహం చెరిపి మొహం ఎక్కించడం! మన వంశంలో దొంగ కార్డుల వ్యాపారం చేసినవాళ్ళు ఎవరున్నారా అని వెతికాను. మీ నాన్న తరఫున ఉంటే ఉండొచ్చు. నిన్ను చెడామడా తిట్టాలని వక్కపొడి పొట్లం విప్పాను. నల్లగా గోరంత ముక్క. నా మొహం ఇందులో ఉందని రాశావు. ఎంత తిప్పినా నాకు కనిపించలేదు. ప్రభుత్వంవాళ్ళకి కనిపిస్తుంది కాబోలు అనుకున్నాను. ఇక్కడ నా బుద్ధి గడ్డి తింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, తెల్ల కాగితాన్ని పెట్టెలోనే వదిలేసి, నిన్ను తిట్టడానికి నిన్న లైన్‌కారెక్కాను.

వంతెన దగ్గర ఆపారు. సైనికులెక్కి, "కార్డు, కార్డు" అన్నారు. నేను జేబులోది తీసిచ్చాను.

ఆఫీసరు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "అబా, ఇదేమిటి?" అన్నాడు. ఇక్కడ కుర్ర ఆఫీసర్లు పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు, తిట్టేముందు కూడా.

"నా కార్డు, బాబూ."

"కెమెరా ఏది?"

"కెమెరా లేదు. కార్డే ఉంది."

అప్పుడు అర్థమైందమ్మా. నువ్వు రాసిన ఒక్కొక్క ముక్కా నెత్తిన మొట్టికాయ వేస్తున్నట్టు అర్థమైంది. నీ నాలుగో ఫొటో కూడా గుర్తొచ్చింది. నా సంగతి సరే, నిన్ను పట్టుకుపోతారని భయం. వెనక సింహాచలం "అచ్చయ్య బాబు పని అయిపోనాది" అంటున్నాడు, అందరికీ వినిపించేట్టు.

నన్ను కిందికి దించారు. అక్కడ బల్లమీద ఎవరి దగ్గరో లాక్కున్న కెమెరాలున్నాయి. ఆఫీసరు ఒకదాంట్లో కార్డుని దోపి చూశాడు. బొటనవేలు వచ్చింది. నా రెండు బొటనవేళ్ళూ పరీక్షించి, కాదన్నాడు. పిల్లి వచ్చింది. దాని గురించి ఏమీ అడగలేదు. తర్వాత నేను వచ్చాను. ఇంకో సైనికుణ్ణి పిలిచాడు. ఇద్దరూ ఫొటోని చూశారు, నన్ను చూశారు. పోలిక కుదరలేదు. "అబా, తల వెనక్కి వాల్చు. కళ్ళు మూసుకో. నోరు తెరు" అన్నాడు. బస్సు జనమంతా చూస్తుండగా నిలబడే నిద్రపోయాను. "యాదే" అన్నాడు. సరే, ఇతనే, అని.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకోటి ఉందని మీట నొక్కాడు. నీ లంగా వచ్చింది.

ఆడవాళ్ళ గుడ్డల కిందనుంచి నడిస్తేనే మగాడి బలం పోతుందని వీళ్ళ నమ్మకం, నీకు తెలిసిందే. తీగ కింద వంగడానికి భయపడి వీధి చుట్టూ తిరిగిపోయే జాతి. అలాంటిది కళ్ళకెదురుగా లంగా! ఆ కుర్రాడు కెవ్వుమని మొహం తిప్పుకుని, చూడకుండానే కార్డు పీకి, రెండు వేళ్ళ చివర పట్టుకుని నా చేతిలో పడేశాడు. మూలనున్న గుండ్లు ఎవరూ చూడలేదు. నన్ను వెళ్ళనిచ్చారు గానీ వంతెన మూసేయడంతో లైన్‌కారునే వెనక్కి తిప్పారు. అందుకే తిట్లు ఉత్తరంలో రాయాల్సి వస్తోంది. రాద్దామని కూర్చుంటే ఒక్క తిట్టూ రావడం లేదు.

ఎందుకంటే అమ్మడూ, నా జన్మలో ఒక అధికారి నా కార్డు తీసుకుని, అందులో మొహం చూసి, నన్ను చూసి, "ఇతనే" అన్నది ఇదే మొదటిసారి. అది కెమెరా కార్డే కావచ్చు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నాకు ఎండుచేపల సాకు కూడా లేదు.

కాబట్టి ఈ కార్డు నీకు తిరిగి ఇవ్వను. నేను పోయేదాకా నా జేబులోనే ఉంటుంది. ఇది లేకుండా బంగారయ్య కెమెరా కొనడు. కొన్నా నేను ఒప్పుకోను. నిప్పు, నూనె అని ఏదో రాశాను, అది కొట్టెయ్. ఆ తెల్ల కాగితంమీద మచ్చ చోట ఫొటో అతికించాలి. ఇక్కడి స్టూడియోవాడు తలుపులు మూసి ఎటో పోయాడు. దీపాల పండగకి కెమెరా పట్టుకుని రా. ఈసారి కళ్ళు తెరిచి కూర్చుంటాను.

నీ మావయ్య,
అచ్చయ్య (పోలిక సరిపోయింది)

తా.క.: మీ ఆయన ఓడ సంగతి తన్లిన్ దాకా వచ్చింది. ఓడ మునగలేదనే ఇక్కడివాళ్ళతో చెప్పాను. పాపం పెద్దాయన, తట్టుకోలేకపోతున్నాడంటున్నారు.

మళ్ళీ తా.క.: వచ్చేటప్పుడు కెమెరా సంచి అడుగున పెట్టు. పైన ఆ లంగా పరుచుకో.